పదకొండు పేర్లు, ఒకటే గాటు

కంప్యూటర్ లెక్కన లక్ష్మీదేవి గుండె ఆపరేషన్ మే ఇరవై మూడో తేదీనే అయిపోయింది. గుండెలో పాడైన కవాటం తీసేసి కొత్తది వేశారు. జూన్ రెండో తేదీ పగలు పదకొండు యాభై రెండుకి ఆమె వేలిముద్ర వేసి, ఆరోగ్యంగా ఇంటికి వెళ్లిపోయింది. ఆసుపత్రికి ప్రభుత్వం డబ్బు కట్టేసింది.

ఆ లక్ష్మీదేవి అక్టోబర్‌లో ఒక శుక్రవారం పొద్దున పది ఇరవైకి నా ఎదురుగా బెంచీ మీద కూర్చుని, నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఇరవై ఆరేళ్ల మనిషి. పెదాలు నేరేడు పండ్లు తిన్నట్టు నల్లబడి ఉన్నాయి. ఆమెను ఆఫీసు బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్లి, గడియ పెట్టి, రవిక హుక్కులు తీయమన్నాను. రొమ్ముల నడుమ చర్మం నున్నగా ఉంది. గాటు మాట అటుంచి, గీరుకున్న గీత కూడా లేదు.

"ఏం చూస్తాండారు మేడమ్?" అంది.

"నీకు ఆపరేషన్ చేసినారంటమ్మా. యాడ చేసినారో చూస్తాండా."

నవ్వబోయింది గానీ ఆయాసం అడ్డొచ్చి ఆగిపోయింది.

నా పేరు మహేశ్వరి. పన్నెండేళ్లు గొర్రెల ఇన్సూరెన్సు కంపెనీలో పని చేశాను. చచ్చిన గొర్రె నిజంగా చచ్చిందా, చచ్చింది అదేనా, కాదా అని తేల్చడం నా ఉద్యోగం. ఆ కంపు పడలేక మానేసి, అనంతపురంలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాను. కంపు నుంచి తప్పించుకున్నానని అనుకోవడం నా పొరపాటు. పేదవాళ్ల పెద్ద ఆపరేషన్లకు ప్రభుత్వం డబ్బు కట్టే ప్రాణమిత్ర పథకానికి జిల్లా అధికారి ప్రసూన. సొంత సిబ్బందిలో ఎవరిని నమ్మాలో తెలియక ఆవిడ నన్ను తన ఆఫీసుకు పిలిచింది.

సంగతి ఇదీ. ఈ పథకంలో ఒక మనిషికి కవాటం ఆపరేషన్ ఒక్కసారే ఇస్తారు. లక్ష్మీదేవికి సోమవారం పెద్ద ప్రభుత్వాసుపత్రిలో బెడ్డు దొరికింది. ఈ రోజు సాయంత్రం ఐదులోపు ఇక్కడి నుంచి అనుమతి వెళ్లాలి. వెళ్లకపోతే బెడ్డు వెనక వరసలో ఉన్నవాళ్లకు పోతుంది, మళ్లీ వంతు వచ్చేసరికి మూడు నెలలు. అంతకాలం ఆగే గుండె కాదని డాక్టర్ చీటీలో రాశాడు. అనుమతి బటన్ నొక్కితే మాత్రం కంప్యూటర్ "ఇదివరకే ఇవ్వబడింది" అంటోంది. ఇదివరకు ఆమె పేరున డబ్బు తీసుకున్నది ఊరి బయట ఉన్న కనకాద్రి హార్ట్ సెంటర్.

నేను ప్రసూన గదిలోకి వచ్చేసరికి అక్కడ వంశీ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. రాష్ట్ర కార్యాలయం నుంచి వచ్చిన విజిలెన్స్ అధికారి. జిల్లాకు వచ్చి రెండు రోజులు కాలేదు, అప్పుడే మా అందరి మీదా విసుగు పుట్టింది అతనికి.

"ఏం తేల్చారు?" అన్నాడు.

"గాటు లేదు."

"మంచిది. అంటే ఆపరేషన్ చేయించుకోకుండానే కార్డు ఆసుపత్రికి అమ్ముకుంది. డిశ్చార్జి వేలిముద్ర ఆవిడదే. ప్రాణమున్న వేలు పెడితే తప్ప మెషీన్ ఒప్పుకోదు. తండ్రీకూతుళ్ల మీద కేసు పెట్టి, కార్డు రద్దు చేసి, ఐదింటికి రిపోర్టు పంపేస్తాను."

"కార్డు రద్దు చేస్తే ఆమె బతకదు."

"అది నా రిపోర్టులో రాయాల్సిన విషయం కాదండీ."

అతని చొక్కా మీద ఒక్క ముడత లేదు. పొద్దున్నే అట్లాంటి మనిషిని చూస్తే నాకు తిన్న ఇడ్లీ గొంతులోకి వస్తుంది.

"కార్డు అమ్ముకున్న మనిషి మళ్లీ ఈ ఆఫీసుకే ఎందుకొచ్చింది? పట్టుకోండని చెప్పడానికా?"

"తెలివితక్కువతనం."

"ఎవరిదో ఐదులోపల తేలుస్తా."

ప్రసూన చెయ్యి పైకెత్తింది. "ఇద్దరూ ఆపండి. మహేశ్వరీ, ఆ ముద్ర ఎట్ల పడిందో, క్లెయిమ్‌లో పెట్టిన గాటు ఫోటోలో ఉండేది ఎవరో నాకు చూపించు. పాత క్లెయిమ్‌ను నా సంతకంతో ఆపేసి, ఆ నిమిషంలోనే అనుమతి ఇస్తా. చూపించలేకపోతే వంశీ గారు చెప్పినట్టే నడుస్తాది. నా చేతుల్లో ఇంకేం లేదు."

క్లెయిమ్ ఫైల్లో నాలుగు కాగితాలున్నాయి. గుండె స్కానింగ్ రిపోర్టు ఒకటి. మంచం మీద పడుకున్న లక్ష్మీదేవి ముఖం ఫోటో ఒకటి. కుట్లు వేసిన ఛాతీని దగ్గరగా తీసిన ఫోటో ఒకటి. వేలిముద్ర పడినట్టు రసీదు. స్కానింగ్ మే పదకొండో తేదీది, తీసిన చోటు నల్లమాడ. లక్ష్మీదేవినీ ఆమె తండ్రి తిప్పయ్యనూ లోపలికి పిలిపించాను. తిప్పయ్యకు నల్లమాడ దగ్గర పల్లెలో నలభై గొర్రెలున్నాయి. అల్లుడు బెంగళూరులో కట్టడం పనికి పోయాడు. కూతుర్ని ఆసుపత్రుల చుట్టూ తిప్పుతున్నది ఈయనే.

"చిన్నాయనా, ఎండాకాలంలో నల్లమాడలో గుండె క్యాంపు పెట్టినారా?"

"పెట్టినారమ్మా. కనకాద్రి ఆసుపత్రోళ్లు. పాపకు బిందె ఎత్తితే ఆయాసం వస్తాండాదని పిల్చుకొని పోయినా. రొమ్ము మీద జిగురు రాసి టీవీలో చూసినారు."

"చూసి ఏం చెప్పినారు?"

"గ్యాసు అన్నారు. మాత్రలిచ్చి పంపినారు."

లక్ష్మీదేవి సంచిలోంచి ఖాళీ మాత్రల అట్టలు తీసింది. రబ్బర్ బ్యాండ్ వేసి దాచుకుంది. "అవి అయిపోతే కదిరిలో కొనుక్కొని తింటాండా మేడమ్. ఐదు నెలలాయె. ఒక్క పూట కూడా మానల్యా. కారం కూడా మానేసినా."

నా చేతిలోని కాగితం మళ్లీ చదివాను. అదే క్యాంపు, అదే రోజు, అదే స్కానింగ్. "కవాటం బాగా ముడుచుకుపోయింది. ఆలస్యం లేకుండా మార్చాలి" అని అందులో స్పష్టంగా ఉంది. లేచి, కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. వీళ్లకు జబ్బు తెలుసు. దొంగ క్లెయిమ్ పెట్టడానికి నిజంగా చెడిపోయిన గుండె బొమ్మ కావాలి. ఆ బొమ్మ తీసుకుని, గుండె మోస్తున్న మనిషి చేతిలో గ్యాసు మాత్రలు పెట్టి ఇంటికి పంపించారు.

"అంటే ఆవిడకు ఆ ఆసుపత్రితో సంబంధం ఉన్నట్టు రుజువైంది," అన్నాడు వంశీ వెనక నుంచి.

అతనికి జవాబు చెప్పకుండా లక్ష్మీదేవి వైపు తిరిగాను. "ఫోటో తీసినారా?"

"మంచం మీద పండుకోబెట్టి, చేతికి ప్లాస్టర్ అతికించి తీసినారు. రికార్డుకు అన్నారు."

"వేలిముద్ర?"

"క్యాంపులో వేయల్యా. కార్డు నంబరు రాసుకున్నారంతే."

"మరి జూన్ రెండో తేదీ యాడుండారు?"

తిప్పయ్య తల గోక్కున్నాడు. "తేదీలు మాకు గుర్తుండవమ్మా. ఏ కార్తె?"

"రోహిణి. మృగశిరకు ఇంకా ఐదారు దినాలుందనంగా."

"అదా." ముఖం తేటపడింది. "విత్తనం చెనక్కాయలిచ్చిన పొద్దు. సబ్సిడీ కాయలు. పొద్దున్నే పోయి వరసలో నిలబడితినిమి. నేల పాప పేరుతో రాయించినా, అందుకని పాపనే వేలు పెట్టింది."

"ఒకసారికే పడిందా?"

ఈసారి తిప్పయ్య నవ్వాడు. "మా వేళ్లు ఒకసారికి యాడ పడతాయమ్మా. కాయలు ఒలిచి ఒలిచి అరిగిపోయినాయి. ముందర నల్ల మిషన్లో పెట్టమన్నారు. పడలేదన్నారు. మల్ల తెల్లదాంట్లో పెట్టమన్నారు. అది పడింది, మూటలిచ్చినారు."

"అందరినీ రెండింట్లో పెట్టమన్నారా?"

"లేదు నాయనా, అందరినీ కాదు," అంది లక్ష్మీదేవి తండ్రితో. "లిస్టు చూసి కొందరినే పిల్చినారు. నన్నూ, ఇంగ ఇద్దరినీ. క్యాంపుకొచ్చినోళ్లనే." నా వైపు చూసింది. "నల్ల మిషన్ పట్టుకున్నది క్యాంపులో ఫోటోలు తీసిన సారే మేడమ్. కిరణ్ సార్ అంటారు. ఈడ కూడా మీదే డ్యూటీనా సార్ అంటే, ఊరోళ్లకు సాయం చేస్తాండానమ్మా అన్నాడు."

మా జిల్లాలో వేలు పడలేదంటే ఎవరికీ అనుమానం రాదు. బియ్యానికీ, పింఛనుకీ, కాయలకీ ప్రతిసారీ ఇదే గోల. చెయ్యి కడుక్కుని, తలనూనె రాసుకుని, పది సార్లయినా పెడతారు. నల్ల మిషన్లో పడలేదన్న ఆ ముద్ర నిజానికి ఆసుపత్రి లెక్కలో నిక్షేపంగా పడింది. చెనక్కాయల వరసలో నిలబడి ఉండగానే లక్ష్మీదేవి కనకాద్రి ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయింది.

"నోటి మాట," అన్నాడు వంశీ. కానీ కాలు మీంచి కాలు దించాడు.

"ఆ ముద్ర ఏ ఊళ్లోంచి పడిందో మీ సర్వర్లో ఉండదా?"

"ఉంటుంది. రాజధానికి రాయాలి. మూడు పని దినాలు పడుతుంది."

"ఆమె గుండెకు ఆ మూడు పని దినాల సంగతి మీరే చెప్పండి."

"రూల్ అండీ. దానికంటే ముందు ఆసుపత్రిని వివరణ అడుగుతూ నోటీసు ఇవ్వాలి. ఇప్పుడే పంపుతున్నాను." ఫోన్ తీసి టైపు చేశాడు. టైము పదకొండు పది. ఆ నోటీసులో ఏం రాస్తున్నాడో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

నా చూపు ఛాతీ ఫోటో మీదే ఉంది. కనకాద్రి ఈ ఏడాది ఆడవాళ్ల పేరున పెట్టిన కవాటం క్లెయిములన్నిటి ఫోటోలూ తీయించమని ప్రసూనను అడిగాను. పదకొండు వచ్చాయి. బల్ల మీద వరసగా పరిచాను. ముఖాలు పదకొండూ వేరు. ఛాతీ ఫోటోల్లో వెలుగు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ, ఒకటి పక్క నుంచి తీసింది, ఒకటి తలకిందులుగా పెట్టింది. కానీ ప్రతి దాంట్లో గాటుకు ఎడమ పక్కన, భుజం ఎముక కింద, మూడు గుండ్రటి మచ్చలున్నాయి.

గొర్రెల ఉద్యోగంలో ఇది రోజూ చూసిందే. ఒక గొర్రె చస్తే, దాని చెవికి వేర్వేరు నంబర్ల బిళ్లలు తగిలించి పది ఫోటోలు తీసేవాళ్లు. పది గొర్రెలు చచ్చినట్టు క్లెయిమ్ పెట్టేవాళ్లు. అప్పుడు నేను బిళ్ల చూసేదాన్ని కాదు, తోలు మీద మచ్చ చూసేదాన్ని. అదే పని మనుషుల మీద చేస్తారని ఎప్పుడూ అనుకోలేదు.

"అవి ఆపరేషన్ ట్యూబులు పెట్టిన గుర్తులు," అన్నాడు వంశీ వంగి చూసి.

"ట్యూబులు పక్కటెముకల కింద పెడతారు. ఇవి వాతలు." జాకెట్ చెయ్యి పైకి లాగి నా జబ్బ మీద ఉన్న మచ్చ చూపించాను. "పసిబిడ్డకు జబ్బు చేస్తే మా పల్లెల్లో కాల్చిన కడ్డీతో పెడతారు. నాకు ఒకటి. ఈ మనిషికి మూడు. పదకొండు మంది ఆడవాళ్లకు ఒకే అవ్వ, ఒకే చోట, ఒకే వరసలో మూడు వాతలు పెట్టదు. ఫోటో తీసినోడు పట్నపోడు. ఇవి కూడా ఆపరేషన్లో భాగమే అనుకుని వదిలేసినాడు."

వంశీ పదకొండు ఫోటోలూ ఒకటొకటిగా ఎత్తి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "పోలిక ఉందని ఒప్పుకుంటాను. ఆ మనిషిని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టండి. అప్పుడు కార్డు జోలికి రాను."

తండ్రీకూతుళ్లను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, నేను వచ్చేదాకా కదలొద్దని చెప్పి స్కూటర్ తీశాను.

కనకాద్రికి పదకొండు యాభైకి చేరాను. నేను హెల్మెట్ తీయకముందే ఒక మనిషి మెట్లు దిగి వచ్చాడు. టక్కు చేసిన చొక్కా, మెడలో కార్డు, చేతులు జోడించి నవ్వు.

"మహేశ్వరి మేడమేనా? నేను కిరణ్. ప్రాణమిత్ర కౌంటర్ నాదే. నోటీసు వచ్చింది. వివరణ తయారవుతాండాది. కాఫీ తాగుతారా?"

"లక్ష్మీదేవి పది రోజులు పడుకున్న మంచం చూస్తా."

"దానికేం మేడమ్, రండి."

మొదటి అంతస్తులో వార్డు. ఏడో నంబరు మంచం కిటికీ పక్కన ఉంది. పది మంచాల్లో ఒక్కదాని మీద కూడా మనిషి లేడు. దుప్పటి లాగి చూశాను. కొట్లో మడతపెట్టిన గీతలు ఇంకా పోలేదు. పరుపు మీద ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. పదకొండు మందికి ఛాతీ కోసిన వార్డులో మందు వాసన లేదు, ఫినాయిల్ వాసన లేదు. గోడలకు కొట్టిన పెయింటు వాసన ఉంది.

"ఆపరేషన్లు ఎవరు చేస్తారు?"

"బెంగళూరు నుంచి పెద్ద సర్జన్ వస్తాడు మేడమ్. మంగళవారం, శుక్రవారం."

"ఈ పొద్దు శుక్రవారమే."

"ఈ పొద్దు రాలేదు. పెండ్లి ఉండాదంట."

"నెల కింద వచ్చినాడా?"

"వచ్చినాడు మేడమ్. వారం వారం వస్తాడు."

వార్డు చివర థియేటర్. తలుపుకు గుండ్రటి అద్దం. అందులోంచి చూశాను. ఆపరేషన్ జరిగేటప్పుడు గుండె చేసే పనిని తాను చేసే పెద్ద మెషీన్ ఒకటి గోడకు నెట్టి ఉంది. దాని మీద ప్లాస్టిక్ కవర్, కవర్ మీద వేలెడు దుమ్ము, దుమ్ములో బల్లి నడిచిన గుర్తులు. బల్ల మీద సెలైన్ డబ్బాల అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. అవతలి గోడకు వెనక లిఫ్టు తలుపు ఉంది.

"బల్లికి కూడా ఇక్కడే చేసినారా ఆపరేషన్?"

కిరణ్ నవ్వు అట్లాగే ఉంది. "క్లీనింగ్ అవుతాండాది మేడమ్."

"విత్తనం కాయల కాడ నల్ల మిషన్ పట్టుకున్నప్పుడు కూడా ఇట్లానే నవ్వినావా?"

ఇప్పుడు నవ్వు ఆగింది. ఏదో అనబోయాడు. అంతలో ఫోన్ మోగింది. పక్కకు పోయి మూడు మాటలు విని, వాచీ చూసుకున్నాడు. పన్నెండు ఇరవై. "అర్జెంటు కేసొకటి వస్తాండాది మేడమ్. మీరు కూర్చోండి, రికార్డులు పంపిస్తా." అతను మెట్లు దిగిపోయే తొందర చూస్తే, నన్ను అట్లా వదిలేసి వెళ్లడం అతనికి పెద్ద నష్టం అనిపించినట్టు లేదు. అది నాకు నచ్చలేదు.

ఖాళీ వార్డులో ఒక్కదాన్నే మిగిలాను. రికార్డులు రాలేదు. ఇరవై నిమిషాల తర్వాత ఒక ఆయా బకెట్టూ బట్టా తీసుకుని వచ్చి, నన్ను చూసి తల వంచుకుని థియేటర్ వైపు నడిచింది. నలభై ఐదేళ్లుంటాయి. నా పక్కగా పోతుంటే చిన్న చప్పుడు వినిపించింది. టిక్కు, టిక్కు, టిక్కు. గోడల వైపు చూశాను. గడియారం లేదు. ఆమె చేతికి వాచీ లేదు. ఆమె బకెట్టు దించి నిలబడింది, చప్పుడు ఆమెతో పాటు నిలబడింది. గుండెలో లోహపు కవాటం ఉన్న మనిషి పక్కన నిశ్శబ్దంగా నిలబడితే ఆ చప్పుడు బయటికి వినిపిస్తుంది.

"నీ పేరేందక్కా?"

"గంగక్క."

"గంగక్కా, నీకు చిన్నప్పుడు వాతలు ఎన్ని పెట్టినారు?"

బకెట్టు పట్టుకున్న చెయ్యి పైటను మెడ దాకా లాక్కుంది. నాకు జవాబు దొరికింది. దుప్పట్లు పెట్టే గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాను. ఫోటోలు చూపించాను. గంగక్క వాటిని ముట్టుకోలేదు.

"మూడు," అంది చివరికి. "డొక్కలెగరేస్తాంటే మా అవ్వ పెట్టిందంట. నాలుగేండ్ల కింద ఈడనే నాకు ఆపరేషన్ చేసినారు మేడమ్. అప్పుడు నిజం డాక్టరుండె. కార్డు మీద ఒక్క పైసా తీసుకోకుండా చేసినాడు, మంచాయన. ఆయన రెండేండ్ల కిందే పోయినాడు."

"ఆయన పోయినాక?"

"నెత్తురు పలచబడే మాత్ర జీవితాంతం తినల్ల నేను. నెలనెలా నెత్తురు పరీక్ష చేయించుకోవల్ల. కార్డు ఒక ఏడాదే ఇస్తాది. మల్ల మన దుడ్లతోనే. నేను కూలి పోలేను, యాడనుంచి తెత్తు? కిరణ్ సారు ఈడ ఆయా పని ఇప్పిచ్చినాడు. మాత్రలు వారానికి ఏడే ఇస్తాడు. సోమవారం సోమవారం. పిల్చినప్పుడు పోయి ఆ మంచం మీద పండుకోవల్ల. ఒకసారి రానంటి. ఆ వారం మాత్రలు రాల్యా. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి మూతి వంకరపోయింది. కాళ్లు పట్టుకుంటే ఇచ్చినాడు."

ఆమె అది ఏడవకుండా, జీతం ఎంతో చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం ఆ కిరణ్ జోడించిన చేతులు గుర్తొచ్చాయి. గొర్రె చచ్చినాక దాని ఫోటో తీసేవాళ్లను చూశాను. బతికున్న మనిషికి ఏడు మాత్రలు చూపించి, రొమ్ము విప్పించి, వారం వారం బతకనిచ్చే మనిషిని చూడటం ఇదే మొదలు.

"సోమవారం మాత్రలు నీకు నేను తెచ్చిస్తా. ఆ తర్వాతవి ప్రసూన మేడమ్ చూసుకుంటుంది. ఒక ఆడపిల్ల ప్రాణం నీ సాక్ష్యం మీద ఉండాది. నాతో ఆఫీసుకు రా."

"ఏ పిల్ల?"

లక్ష్మీదేవి ముఖం ఫోటో చూపించాను. గంగక్క చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసిన చూపు నాకు అర్థం కాలేదు.

"ఈ పేరు ఇప్పుడే విన్యా మేడమ్. సారు కింద ఎవరికో చెప్తాండె. లక్ష్మీదేవి కేసుకు థియేటర్ కడుగు, పెట్టెలు తియ్యి అని నాకు చెప్పినాడు. నేను వచ్చి పండుకోవల్లనా సార్ అని అడిగితి."

"ఏమన్నాడు?"

"ఈసారి నీతో పని లేదులే గంగక్కా, అసలు మనిషే వచ్చేసింది అన్నాడు."

నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. వీళ్ల మీద ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం లక్ష్మీదేవి నున్నటి ఛాతీ. ఆమె ప్రసూన ఆఫీసులో కూర్చుని ఉందని వంశీ నోటీసే వాళ్లకు చెప్పి ఉంటుంది. దాని మీద ఒక గాటు పడితే కేసు లేదు, మే నెల ఆపరేషన్ నిజమైపోతుంది. కవాటం మార్చడానికి పెద్ద సర్జన్ కావాలి. ఊరికే కోసి కుట్టడానికి చేతిలో కత్తి ఉన్నవాడు ఎవడైనా చాలు. ముడుచుకుపోయిన గుండెతో మత్తు మందు తట్టుకోలేక ఆమె లేవకపోతే, వాళ్లకు ఇంకా మంచిది.

తిప్పయ్యకు ఫోన్ చేశాను. ఒంటి గంటకు రెండు నిమిషాలు తక్కువ. మొదటి రింగుకే ఎత్తాడు.

"చిన్నాయనా, యాడుండారు?"

"ఆసుపత్రిలోనే అమ్మా, కింద కుర్చీలో. మీరు పంపిన అంబులెన్సులోనే వచ్చినాం. క్యాంపు పెట్టినోళ్ల ఆసుపత్రని పాప భయపడింది. నేనూ ఒప్పుకోలే. అప్పుడు నోటీసు కాగితం చూపించినారు. దాంట్లో పాప పేరుండాదంట, మీ పేరుండాదంట. మహేశ్వరి మేడమే చెప్పింది, సోమవారం దాకా ఎందుకు, ఈ పొద్దే చేస్తామన్నారు. నీ పేరు చెప్పినాకనే ఆపరేషన్ కాగితం మీద ఏలిముద్ర పెట్టినా తల్లీ."

"పాప ఏదీ?"

"వెనక లిఫ్టులో పైకి పిల్చుకొని పోయినారు. చానా సేపయింది. నువ్వు నా బిడ్డను బతికించినావమ్మా."

ఫోన్ చేతిలోనే పట్టుకుని వార్డు చివరికి పరిగెత్తాను. గంగక్క నా వెనకే వచ్చింది. థియేటర్ తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. రెండు చేతులతో బాదుతూ అద్దంలోంచి చూశాను. అట్టపెట్టెలు కింద ఒక మూలకు నెట్టేశారు. బల్ల మీద లక్ష్మీదేవి. ఆకుపచ్చ బట్ట నడుము దాకా లాగి ఉంది. గొంతు కింద నుంచి బొడ్డు పైదాకా నీలం సిరాతో ఒక గీత గీశారు. మాస్కు వేసుకున్న మనిషి ఎవడో ఆమె చేతికి సూది గుచ్చుతున్నాడు, తలుపు చప్పుడుకు తల కూడా తిప్పలేదు.

లక్ష్మీదేవి తిప్పింది. అద్దంలో నన్ను గుర్తుపట్టింది. మత్తు ఎక్కుతున్న కళ్లతో, ఆ నల్లబడిన పెదాలతో నవ్వి, సూది లేని చెయ్యి ఎత్తి నాకు దండం పెట్టింది.